పుర్రెకో బుద్ధి, లైసెన్సుకో బీరు

"నీ ఫేవరెట్ బీరు ఏది?" అని ఎవరైనా అడిగితే గత పదిహేనేళ్లలో నేను ఐదు రకాల జవాబులు చెప్పాను. ఇంజనీరింగ్ హాస్టల్లో కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్. మొదటి ఉద్యోగం వచ్చాక బడ్వైజర్. మైక్రోబ్రూవరీలు మొదలయ్యాక అరటిపండు వాసన వచ్చే గోధుమ బీరు. ఆ తర్వాత రెండేళ్లు, చేదుగా ఉంటే తప్ప బీరే కాదన్నట్టు ఐపీఏ. ఇప్పుడు పుల్ల బీర్లు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఇక్కడ జిహ్వ ఒకటే, రుచులే ఐదయ్యాయి.

వయసుతో పాటు రుచి మారుతుంది, నాలుక చేదుకి మెల్లగా అలవాటు పడుతుంది అని మామూలుగా చెప్పుకుంటాం. అందులో కొంత నిజముంది. పసిపిల్లలెవరూ చేదుని ఇష్టపడరు, అది నేర్చుకునే రుచి. కానీ నా ఐదు జవాబుల్నీ వరుసగా పెట్టి చూస్తే నాలుక కంటే ముందు వేరేవి కనిపిస్తాయి. ఏ సంవత్సరం ఏ రాష్ట్రం ఏ లైసెన్సు ఇచ్చింది, పన్ను సీసా మీద వేసిందా మత్తు మీద వేసిందా, ఏ దుకాణం మూయించింది, ఏది తెరిపించింది. మనిషి తాగేదాని చరిత్రలో సగం ఖజానా చరిత్రే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే సురాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. తయారీ, అమ్మకం, తాగే చోటు, అన్నీ ఆయన చూపు కిందే.

తెలుగువాళ్ల నాలుక మీద ఈ సురాధ్యక్షుల చేతివాటం ఎలా పడిందో చూద్దాం. దానికి బీరుతో కాకుండా కల్లుతో మొదలుపెట్టాలి.

పొద్దున తీపి, సాయంత్రం పులుపు

కల్లు అనే మాట మనకీ తమిళులకీ కన్నడిగులకీ మలయాళీలకీ దాదాపు ఒకటే. అంటే ఈ భాషలు విడిపోకముందు నుంచే ఆ పానీయం ఉందనుకోవచ్చు. ఇంగ్లీషు టాడీ మన పక్క భాషల్లోని తాడీ నుంచి పోయింది. ఆ తాడీకి మూలం తాటిచెట్టు. చలిదేశాల్లో జలుబు చేస్తే వేడివేడిగా విస్కీ, తేనె కలుపుకుని తాగే 'హాట్ టాడీ'లో ఉన్నది కూడా మన తాడే.

గీత పని చూసినవాళ్లకి తెలుస్తుంది, అదెంత ఓపిక పనో. తాటిచెట్టు పోతుతాడయినా పండుతాడయినా పూగెలని కట్టి, కొసని కత్తితో పలచగా చెక్కి, కింద లొట్టి కట్టాలి. ఈతచెట్టుకయితే మొవ్వు దగ్గర కాండాన్నే గీస్తారు. మోకు నడుముకి చుట్టుకుని రోజుకి రెండు మూడుసార్లు ఎక్కి దిగాలి, ఎక్కినప్పుడల్లా మళ్లీ ఒక సన్నని పొర చెక్కాలి. చెక్కకపోతే గాయం మానిపోతుంది, ధార ఆగిపోతుంది.

లొట్టిలో పడిన మొదటి చుక్క నుంచే పులవడం మొదలవుతుంది. ఎవరూ ఈస్ట్ కలపరు. గాలిలో, చెట్టు మీద, పాత లొట్టి గోడల్లో ఉన్న సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్‌గా మారుస్తుంటే, పెరుగుని తోడుపెట్టే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా పక్కనే పులుపు తయారుచేస్తుంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఇదంతా ఆగిపోయి నీరా మిగులుతుంది. పూయకపోతే తెల్లవారుజామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పుల్లబడి, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్ నాలుగైదు శాతం దగ్గర తిరుగుతుంది. లైట్ బీరంత.

ఒక్క రోజులో ఇన్ని రుచులు మారే పానీయానికి బ్రాండు ఉండటం సాధ్యం కాదు. మా పని భాషలో చెప్పాలంటే ప్రతి లొట్టీ ఒక కొత్త బిల్డ్. దాన్ని దాచలేరు, దూరం పంపలేరు, నిన్నటిదాన్ని ఇవాళ మళ్లీ తయారుచేయలేరు. ఊళ్లో పెద్దవాళ్లు ఫలానా చెట్టు కల్లు, ఫలానా నెల కల్లు అని చెప్పుకునేవాళ్లు. వాళ్ల ఫేవరెట్‌కి పేరు లేదు, చిరునామా ఉంది.

పన్ను వేసేవాడికి ఇదే తలనొప్పి.

చెట్టుకి నంబరు

ఆబ్కారీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. ఆబ్ అంటే నీళ్లు, కార్ అంటే పని. ఇంత అందమైన మాట కింద నడిచినంత కఠినమైన లెక్కలు భూమిశిస్తు కింద కూడా నడిచాయో లేదో! మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 ఆబ్కారీ చట్టం, నిజాం రాజ్యంలో 1316 ఫసలీ, అంటే 1906-07 నాటి ఆబ్కారీ చట్టం. రెండు ప్రాంతాల తెలుగువాళ్లూ రెండు వేరువేరు ప్రభుత్వాల కింద ఒకే రకం వలలోకి వచ్చారు. గీయడానికి అనుమతి కావాలి, అమ్మడానికి పాట పాడాలి, చెట్టుకి పన్ను కట్టాలి. పన్ను కట్టిన చెట్టుకి నంబరు వేశారు.

కల్లుని కొలవడం కష్టం కాబట్టి చెట్టుని కొలిచారు. సారాకి ఆ ఇబ్బంది లేదు. కాచి వడబోసిన సారా చెడిపోదు, డిపోలో పెట్టొచ్చు, బలాన్ని హైడ్రోమీటరుతో కొలవొచ్చు, బండికెత్తి పంపొచ్చు. ఊళ్లో, అడవిలో ఇప్పపూలతోనో బెల్లంతోనో కాచుకునేదాన్ని నేరం చేసి, పెద్ద డిస్టిలరీలో కాచినదాన్ని చట్టబద్ధం చేస్తే పన్ను ఒకే గుమ్మం దగ్గర వసూలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పందొమ్మిదో శతాబ్దం చివరికి జరిగింది ఇదే. ప్రభుత్వానికి ఏది కొలవడం తేలికో అది జనానికి దొరకడం తేలికయింది. రుచి ఆ తర్వాత సర్దుకుంది.

ఇదేమీ మన దగ్గర మాత్రమే జరిగిన వింత కాదు. బవేరియాలో 1516 నాటి ప్రసిద్ధమైన బీరు శాసనం బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేవీ వాడొద్దంది. గోధుమ రొట్టెకి కావాలి కదా అని ఒక కారణం చెబుతారు. కానీ అదే గోధుమతో బీరు కాచే హక్కుని తర్వాత రాజవంశం తన గుత్తగా ఉంచుకుని రెండు శతాబ్దాలకి పైగా డబ్బు చేసుకుంది. జనానికి దాని మీద మోజు తగ్గి గిట్టుబాటు పోయాక, 1872లో గెయార్గ్ ష్నైడర్ అనే బ్రూవర్‌కి ఆ హక్కు దక్కింది. ఇవాళ హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో అరటిపండు, లవంగం వాసనతో వచ్చే గోధుమ బీరు బతికి బట్టకట్టడం వెనక ఉన్నదీ ఒక లైసెన్సు కథే.

ఓడ దిగిన చేదు

ఐరోపా నుంచి వచ్చినవాళ్లు మన తీరంలో మొదట తాగింది బీరు కాదు. ఇక్కడి కల్లూ, సారానే. ఇంగ్లీషులో 'పంచ్' అనే పానీయం పేరు మొట్టమొదట కాగితానికెక్కింది 1632లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకడు పేటపోలిలో ఉన్న తోటి ఉద్యోగికి రాసిన ఉత్తరంలో. ఆ పేటపోలి ఇప్పటి నిజాంపట్నం. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సుగంధద్రవ్యం, ఇలా ఐదు సరుకులు కాబట్టి పంచ్ అన్నారని ఎక్కువమంది ఒప్పుకునే కథ. ఆ ఐదిటిలో ఏదీ ఇంగ్లండు నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

బీరు ఆ తర్వాత ఓడల్లో వచ్చింది. లండన్‌లో ఈస్టిండియా ఓడలు బయల్దేరే రేవుకి దగ్గర్లో ఉన్న బో బ్రూవరీలో హాడ్జ్‌సన్ కాచిన బీరు, 1820ల నుంచి బర్టన్ పట్నంలో ఆల్సప్, బాస్ కాచిన పేల్ ఏల్. సముద్ర ప్రయాణంలో చెడకుండా ఉండటానికి ఇండియా కోసమే హాప్స్ ఎక్కువ వేసి ఐపీఏ 'కనిపెట్టారు' అని ప్రతి మైక్రోబ్రూవరీ మెనూలోనూ రాస్తారు. అది కట్టుకథ. హాప్స్ ఎక్కువ వేసి నిలవబెట్టే బీర్లు ఇంగ్లండులో అప్పటికే ఉన్నాయి. పైగా ఇక్కడి సిపాయిలు తాగింది ఎక్కువగా నల్లటి పోర్టర్, అదీ ఓడలెక్కి భేషుగ్గానే వచ్చింది. పేల్ ఏల్ తాగింది ఆఫీసర్లు, వ్యాపారులు. అంటే ఐపీఏ అప్పుడు కూడా జీతం ఎక్కువున్నవాళ్ల చేదే!

ఆ చేదు తెలుగు నాలుకని తాకలేదు. తాకడానికి చల్లదనం కావాలి. వేసవిలో మచిలీపట్నంలో వేడెక్కిన ఏల్‌ని ఊహించుకోండి. అమెరికా చెరువుల్లో కోసిన ఐసుని ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకి ఓడలో దించాడు. కొన్నేళ్లకి మద్రాసులోనూ ఐస్‌హౌస్ కట్టారు. మెరీనా ఒడ్డున ఉన్న ఇప్పటి వివేకానందర్ ఇల్లం అదే. దొరల గ్లాసులోకి మాత్రమే వచ్చే ఐసు అది.

ఈలోగా బీరే మారిపోయింది. 1842లో బొహీమియాలోని ప్లజెన్ పట్నంలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియన్ బంగారు రంగు లాగర్ కాచాడు. 1870ల్లో కార్ల్ ఫన్ లిండె శీతలీకరణ యంత్రం వచ్చింది. అదే దశాబ్దంలో పాశ్చర్ బీరు చెడిపోవడం మీద పుస్తకం రాశాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీలో హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి స్వచ్ఛమైన వంశాన్ని పెంచాడు. ఈ నాలుగూ కలిశాక బీరుకి కల్లుకి లేని గుణం పట్టుబడింది: ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకేలా ఉండటం. అడవి ఈస్ట్‌ని, బ్యాక్టీరియాని, పులుపుని లోపం కింద జమకట్టి బయటికి గెంటేశారు. బ్రాండు పుట్టింది అక్కడ.

ఆ లాగర్‌కి మన దక్షిణాదిలో స్థిరమైన ఇల్లు 1915లో థామస్ లీష్‌మన్ చిన్నచిన్న బ్రూవరీలని కలిపి పెట్టిన యునైటెడ్ బ్రూవరీస్. స్వాతంత్ర్యం వచ్చే నాటికి అది విఠల్ మాల్యా చేతికొచ్చింది. కింగ్‌ఫిషర్ పేరుని 1970ల చివర్లో మళ్లీ జనంలోకి తెచ్చారు. మధ్యలో ముప్పై ఏళ్లపాటు తెలుగునాట మందు సంగతి రుచి కాదు, రాజకీయం.

కల్లు కూల్చిన ప్రభుత్వం

1937 అక్టోబరులో రాజాజీ మద్రాసు ప్రధానిగా సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టాడు. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించాడు. ఆబ్కారీ ఆదాయం పోయినచోట ఏం పెట్టాలి? 1939లో మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చాడు. మనం ఇవాళ బిస్కట్ ప్యాకెట్ మీద కడుతున్న పన్నుకి పూర్వీకుడు ఒకడు, అప్పుడు మూసిన కల్లుదుకాణాల జాగాలో పుట్టినవాడే. స్వాతంత్ర్యం వచ్చాక 1948కల్లా ప్రెసిడెన్సీ మొత్తం పొడి అయింది.

పొడి అయినప్పుడు అందరికంటే ముందు ఎండిపోయింది గీసేవాళ్ల ఇళ్లు. ఈడిగ, శెట్టిబలిజ, శ్రీశయన, యాత, గౌడ, పేరేదైనా పని ఒకటే, ఒక్క చట్టంతో నేరమైంది. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక నిషేధం పనిచేస్తోందో లేదో చూడమని వేసిన రామమూర్తి కమిటీ ఎత్తేయమని చెప్పింది. ప్రకాశం ప్రభుత్వం ఎత్తేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ఆంధ్ర మొదటి మంత్రివర్గం పడిపోయింది. పాఠ్యపుస్తకాల్లో మనం చదివే ప్రకాశం తుపాకీకి ఎదురు రొమ్ము చూపిన ప్రకాశం. ఆయన కుర్చీ కూలింది మాత్రం లొట్టి తగిలి.

తెలంగాణలో ఈ నిషేధం లేదు. అందుకే 1956లో రెండు ప్రాంతాల నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలు, భూములు, ఉర్దూతో పాటు మద్యనిషేధం మీదా ఒక అంశం ఉంది. తెలంగాణలో దాన్ని ఎలా అమలుచేయాలో తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలని. ఒకే భాష, ఒకే రాష్ట్రం, తాగే విషయంలో మాత్రం రెండు చట్టాలు. దావత్ అంటే కల్లు ఉండాల్సిందేనన్న తెలంగాణ అలవాటుని, చాటుగా తాగే కోస్తా మర్యాదని మనం సంస్కృతి కింద చెప్పుకుంటాం. అందులో కొంత వాటా ఈ రెండు చట్టాలది.

మా ఇంట్లో ఆ లెక్క ఇంకోలా కనిపిస్తుంది. మాది జనగామ వైపు పల్లె. తాత సాయంత్రం పూట తాటాకు రేకలో కల్లు తాగేవాడు, గుడాలు నంజుకుని, పదిమందితో, ఆరుబయట. నాన్న గవర్నమెంటు టీచరు. ఆయన కల్లుమండువ వైపు వెళ్లేవాడు కాదు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా! పండక్కి మాత్రం న్యూస్‌పేపర్లో చుట్టిన సీసా ఒకటి వచ్చేది. దాని మీద ప్రభుత్వం పెట్టిన పేరు 'దేశంలో తయారైన విదేశీ మద్యం'. ఇంతకంటే నిజాయితీగా మధ్యతరగతిని ఎవరూ నిర్వచించలేదు. నేను బీరు ఫొటో స్టేటస్‌లో పెడతాను. మూడు తరాల్లో మా ఇంటి పానీయం చెట్టు కింద నుంచి కాగితం చాటుకి, అక్కణ్నుంచి ఫోను తెరకి వచ్చింది. ఆల్కహాల్ శాతం కంటే ఇందులో మారింది పరువు.

సారా పోయాక

1980ల నాటికి పల్లెల్లో ఊరూరా ప్రభుత్వ సారా ప్యాకెట్లు. వారుణి వాహిని అనే పేరు విన్నవాళ్లకి గుర్తుంటుంది. పాల ప్యాకెట్ రాని ఊరికి కూడా సారా ప్యాకెట్ వచ్చేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కథ పాఠంగా మిగతా ఊళ్లకి చేరింది. 1992లో అది రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం అయింది. దూబగుంట రోశమ్మ పేరు అలా మనకి తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం రోజునే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు, 1995 జనవరి 16 నుంచి అమలు. 1997లో చంద్రబాబు ఎత్తేశాడు.

రుచి చరిత్ర రాసేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ ఆడవాళ్లకి ఏ పానీయం రుచి ఎలా ఉంటుందన్నది సమస్యే కాదు. కూలి డబ్బు ఇంటికి రాకపోవడం, వచ్చినవాడు కొట్టడం సమస్య. వాళ్లు గెలిచారు. కానీ 1997లో తలుపు మళ్లీ తెరిచినప్పుడు సారా ప్యాకెట్ తిరిగి రాలేదు. దాని జాగాలో చవక విస్కీ, బ్రాందీ, బీరు వచ్చాయి. పల్లెటూరి మనిషి సారా నుంచి క్వార్టర్‌కి మారడాన్ని మార్కెట్ భాషలో అప్‌గ్రేడ్ అంటారు. వైను దొరకని వైన్స్ షాపులు మండలకేంద్రాల్లో వెలిశాయి, వాటి పిల్లలు బెల్టుషాపులు పల్లెల్లో.

మా తరం బీరు అక్కడ పుట్టింది.

ఒక సీసా లెక్క

మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఐదింట నాలుగొంతులకి పైగా స్ట్రాంగే. ప్రపంచంలో చాలాచోట్ల బీరంటే నాలుగైదు శాతం. మనకి మాత్రం సీసా మీద '8 శాతానికి మించదు' అని ఉండాలి. విదేశీ మిత్రులు దీన్ని మన ముతకతనం కింద కడతారు. నేను లెక్క కింద కడతాను.

సీసా 650 మిల్లీలీటర్లు. ఐదు శాతమైతే లోపల ఆల్కహాల్ 32.5 మిల్లీలీటర్లు. ఎనిమిది శాతమైతే 52. అంటే అరవై శాతం ఎక్కువ. చాలా రాష్ట్రాల్లో బీరు మీద పన్ను ప్రధానంగా పరిమాణం మీద పడుతుంది, లోపలి మత్తుని బట్టి సరిగ్గా పెరగదు. కాబట్టి రెండు సీసాల ధరలో తేడా ఆ అరవై శాతానికి దరిదాపుల్లో కూడా ఉండదు. నెలాఖరున హాస్టల్ కుర్రాడు వైన్స్ కౌంటరు ముందు నిలబడితే ఏ సీసా అడుగుతాడో చెప్పడానికి నాలుక పరీక్ష అక్కర్లేదు. కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ 1999లో వచ్చింది, కొన్నేళ్లలోనే ఆ లెక్కకి ఇంటిపేరయింది.

అలాంటి బీరులో బార్లీతో పాటు బియ్యమో మొక్కజొన్నో చక్కెరో కలిపి ఆల్కహాల్ పెంచుతారు. హాప్స్ కొంచెమే వేస్తారు. చేదు తక్కువ, తీపి కొంచెం, చివర్లో గొంతులో మంట. గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఇవేవీ తెలియవు. అందుకే మనవాళ్లు బీరు అడిగేటప్పుడు బ్రాండు కంటే ముందు "చల్లగుందా?" అని అడుగుతారు. ఇదంతా హేళనగా చెప్పడం లేదు. మే నెల వరంగల్‌లో ఆ ప్రశ్నకి మించిన రసజ్ఞత ఇంకోటి లేదు.

పులుపు తిరిగొచ్చింది

2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి నిబంధనలు తెచ్చింది. బెంగళూరు అప్పటికే కొన్నేళ్లు ముందుంది. అదే ఏడాది బీరా 91 మార్కెట్లోకి వచ్చి, చేదు తక్కువగా ఉన్న గోధుమ బీరుని కోతిబొమ్మతో అమ్మింది. కల్లు తాగిన కోతి ఎన్నాళ్లుగానో మన సామెతల్లో ఉంది, బీరు తాగిన కోతికి మాత్రం వాళ్లు ట్రేడ్‌మార్క్ తీసుకున్నారు! గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ మెనూల్లో బెల్జియన్ విట్, హెఫెవైజెన్, స్టౌట్, ఐపీఏ వరసకట్టాయి. నా నాలుక చదువుకున్నది ఆ మెనూల బడిలోనే.

ఆ బడిలో పైతరగతికి వెళ్లేసరికి పుల్ల బీర్లు వచ్చాయి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు ఉంది. కాచిన ద్రవాన్ని వెడల్పాటి తొట్టెలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. గాలిలోని, కట్టడంలోని, చెక్కపీపాల్లోని అడవి ఈస్ట్, బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. బ్రెట్టనోమైసీస్ అని అందులో ఒక ఈస్ట్‌కి పేరు పెట్టింది కూడా, 1904లో, ఆ కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీ మనిషే. పులుపు, కొంచెం పశువుల కొట్టం వాసన, ఏడాది ఏడాదికీ మారే రుచి. రసికులు దాన్ని ఎంతో విలువైనదిగా చూస్తారు. కాంటియోన్ బ్రూవరీ సీసా ఒకదాని కోసం మనుషులు విమానం ఎక్కుతారు.

ఎవరూ ఈస్ట్ కలపని, గాలిలోని జీవాలు పులియబెట్టే, లొట్టి లొట్టికీ మారే పుల్లటి పానీయం గురించి పైన ఒకసారి చెప్పుకున్నాం కదా. అది జనగామ రోడ్డు పక్కన లభ్యం. విమానం అక్కర్లేదు, రేక ఉంటే చాలు.

లాంబిక్, కల్లు ఒకటే అనను. ఒకటి ధాన్యం నుంచి వస్తుంది, ఇంకోటి చెట్టు రసం. ఒకటి పీపాలో ఏళ్ల తరబడి ఊరుతుంది, ఇంకోదాని ఆయుష్షు ఒక పగలు. నా ప్రశ్న వేరు. బెల్జియం రైతుల పులుపు 'టెర్వా' అనిపించుకుని, మన గౌడ్‌ల పులుపు 'కంపు' ఎందుకైంది? రుచిలో జవాబు దొరకదు. ఒకటి గాజుగ్లాసులో లేబుల్‌తో వచ్చింది. ఇంకోటి ఒక కులం వృత్తిగా, ఇంకొన్ని కులాల సాయంత్రంగా, రెండు శతాబ్దాల ఆబ్కారీ రికార్డుల్లో నేరంగా, మన చదువుల్లో వెనకబాటుగా వచ్చింది. అదే ఐటీ కారిడార్‌లో పనిచేసే గౌడ్‌ల కుర్రాడు వాళ్ల నాన్న వృత్తిని టీమ్ లంచ్‌లో చెప్పడానికి తటపటాయించడం నేను చూశాను. ఆ తటపటాయింపు ముందు సోర్ ఏల్ గ్లాసుంది.

కల్లు దుకాణాలకి మన నగరం చేసిందీ గుర్తుచేసుకోవాలి. హైదరాబాద్‌లో 2004లో వాటిని మూయించారు, తెలంగాణ వచ్చాక 2014లో తెరిచారు. తెరిచారు సరే, నగరం మింగేసిన చెట్లని ఎవరు తెస్తారు? చెట్లు లేనిచోట గిరాకీ ఉంటే నీళ్లలో మత్తుమందు కలుస్తుంది. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలమ్. 2015లో కల్తీకల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది వణుకుతూ ఆస్పత్రులకొచ్చారు. వాళ్లని పట్టింది చెట్టు రసం కాదు, మాత్రలు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలే తీసింది. కూలివాళ్ల పానీయంలో కల్తీ, ఉద్యోగుల పానీయంలో ఫుడ్ పెయిరింగ్. కల్లు మీద ప్రేమతో వ్యాసాలు రాసే నాలాంటివాళ్లు ఈ సంగతి దాటేసి రాయకూడదు.

దుకాణం ఏదిస్తే అది

ఇంతా చదివి, ఇప్పుడు అంతా మార్కెట్ కదా, ఎవరికి నచ్చింది వాళ్లు తాగుతున్నారు అనుకునేవాళ్లకి రెండు తాజా ఉదాహరణలు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. అలవాటైన బ్రాండ్లు అరల్లోంచి మాయమై 'బూమ్ బూమ్' లాంటి కొత్త పేర్లు వచ్చాయి. జనం మీమ్స్ చేశారు, సరిహద్దు దాటి తెచ్చుకున్నారు, మిగతావాళ్లు ఉన్నదే తాగారు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాక పాత పేర్లూ వచ్చాయి. ఐదేళ్లు ఒక రాష్ట్రం మొత్తానికి ఫేవరెట్ అనే మాటకి అర్థం లేకుండా పోయింది.

2025 జనవరిలో తెలంగాణ వంతు. 2019 తర్వాత ధర సవరించలేదని, బకాయిలు పేరుకున్నాయని యునైటెడ్ బ్రూవరీస్ ప్రభుత్వ కార్పొరేషన్‌కి సరఫరా ఆపేసింది. కంపెనీ నేరుగా షాపుకి అమ్మడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో బెవరేజెస్ కార్పొరేషన్ పెట్టినప్పటి నుంచి టోకు అమ్మకం ప్రభుత్వానిదే. కొన్నాళ్లకి రాజీ కుదిరింది, ఫిబ్రవరిలో ధర పెరిగింది. ఆ కొద్దిరోజులూ హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో వినిపించిన శోకం నిజమైన ప్రేమే, నేను కాదనను. దాన్ని పెంచి పోషించింది ఎవరన్నదే నా మాట. ఒకే టోకు గుమ్మం, ఒకే పెద్ద బ్రూవర్, పాతికేళ్లుగా అదే చల్లని సీసా.

ఇష్టాలన్నీ ఎవరో రాసిపెట్టినవే అని తేల్చేయడం నాకిష్టం లేదు. గీసిన చెట్టు పేరు చెప్పి కల్లు అడిగిన మా తాతకి రుచి తెలుసు. దూబగుంట ఆడవాళ్లకి తమ ఊళ్లోకి ఏది రాకూడదో తెలుసు. నాకు పులుపు నచ్చుతుంది, అదీ నిజమే. కాకపోతే నా ముందు పెట్టిన అరలో ఏముందో, ఎవరు పెట్టారో, ఏది తీసేశారో తెలుసుకున్నాక నచ్చితే ఆ నచ్చడానికి కాస్త బరువుంటుంది.

కాబట్టి ఆ ప్రశ్న ఇప్పుడు ఎవరైనా అడిగితే నా ఆరో జవాబు ఇది: ఏప్రిల్లో, ఎండెక్కకముందు, చెట్టెక్కి దిగినవాడి చేతి నుంచి రేకలోకి పోయించుకున్న తాటికల్లు. మర్నాడు దొరకదు, పార్శిల్ రాదు, స్టేటస్‌లో పెడితే తెల్లనీళ్లలా కనిపిస్తుంది. గీసేవాళ్ల పిల్లలు కోడింగ్‌కి వచ్చేస్తున్నారు, వాళ్లు చెట్టెక్కాలని కోరుకునే హక్కు నాకు లేదు. ఎక్కేవాళ్లున్నన్నాళ్లు పడకుండా ఎక్కే సేఫ్టీ మోకు, గీతకి తగిన ధర, కల్తీ లేని దుకాణం, కాసిన్ని తాటిచెట్లు ఉండాలని మాత్రం కోరుకోవచ్చు. అవి లేని రోజున నా ఫేవరెట్ మళ్లీ ఎక్సైజ్ పాలసీయే.